పట్నంలో ఏం తిన్నారు?

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటేడు, కొత్తగా పెళ్లయిన మేమిద్దరం హైదరాబాదు చూసి బస్సులో కోదాడకు తిరిగి వస్తున్నాం. కిటికీ పక్కన మా ఆయన కునుకు తీస్తున్నారు. నకిరేకల్‌లో ఎక్కిన ఒకామె నాకు ఇటుపక్క కూర్చుంది. నా ఈడుదే. నా మెడలో కొత్త పసుపుతాడు చూసి నవ్వింది.

“పట్నం పోయొస్తున్నరా? ఏం తిన్నరక్కా, జర చెప్పరాదు!”

ఇరానీ హోటల్లో పరదా వెనక కూర్చుని చాయ్ తాగామని, బిస్కట్లు అందులో ముంచుకుని తిన్నామని చెప్పాను.

“ఇద్దరు ఒక్క కప్పుల తాగిండ్రా?”

సిగ్గుపడుతూ తలూపాను. ఆమె కళ్లు మూసుకుని, తనే తాగుతున్నట్టు పెదాలు తడుపుకుంది.

“మా ఆయన గూడ తీస్కపోతనన్నడు. ఎర్రజెండా సంఘంల కలిసి అడివికి పోయిండు. నల్లగొండ జైల్ల ఉన్నడేమోనని పోయి అడిగిన. లేడన్నరు.”

సూర్యాపేటలో దిగబోతూ నా వైపు వంగింది.

“ఆ హోటలు ఏ గల్లీల ఉన్నదక్కా? ఆయనొస్తే మేం గూడ పోతం.”

చెప్పాను. మరిచిపోకుండా ఆ గల్లీ పేరు పైకే అనుకుంటూ దిగిపోయింది. ఆమె పేరైనా అడగలేదు నేను.

బస్సు కదిలాక, అంతమంది చూస్తున్నా మా ఆయన చేయి పట్టుకున్నాను. ఆయన మేలుకుని ఏమైందని అడిగారు. కోదాడ వచ్చేదాకా ఆ చేయి వదల్లేదు.