మాల వేసుకుని మాస్కు తీసేసిన ఏడాది

మా ఆయన గురకకు మా ఇంట్లో ఎవరూ భయపడలేదు. మా అత్తగారైతే మురిసిపోయేవారు. "పొద్దస్తమానం స్టీరింగు తిప్పేవాడు, ఆ మాత్రం ఒళ్లెరగని నిద్ర పోకపోతే ఎట్టా? దిష్టి పెట్టమాకండి," అనేవారు. నేను విసుక్కుంటూ దిండు చెవుల మీద వేసుకునేదాన్ని. మధ్యలో ఒక్కసారిగా గురక ఆగిపోయేది. హమ్మయ్య, ఇప్పటికి ఊరుకున్నారు అనుకుని అటు తిరిగి పడుకునేదాన్ని. ఆ హమ్మయ్య గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది. గురక ఆగిన ప్రతిసారీ ఆ మనిషికి ఊపిరి కూడా ఆగిపోతోందనీ, అదొక జబ్బనీ నాకు నలభై నాలుగేళ్లు వచ్చేదాకా తెలియలేదు. చెప్పుకోవడానికి నేను బళ్లో లెక్కల టీచర్ని.

మాది రేపల్లె. ఆయన కాలేజీ బస్సు డ్రైవరు. పొద్దున్నే నలభై రెండు మంది పిల్లల్ని ఎక్కించుకుని చెరుకుపల్లి మీదుగా బాపట్ల తీసుకెళ్లి, సాయంత్రం మళ్లీ ఇళ్ల దగ్గర దించుతారు. ఏడాదిగా ఏదో తేడాగా ఉండేది. లేవగానే తల పగిలిపోతోందనేవారు. రాత్రిపూట నాలుగైదుసార్లు బాత్రూముకి లేచేవారు. బీపీకి రెండు రకాల మాత్రలు వేసుకుంటున్నా దిగేది కాదు. మాట్లాడితే కస్సుమనేవారు. ఒకరోజు అన్నం ముద్ద చేతిలో ఉండగానే కునుకు తీశారు. బీపీ చూసే డాక్టరుగారు అది విని, ముందు తెనాలి వెళ్లి ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించమన్నారు.

పాసింజరు బండిలో వెళ్లాం. భట్టిప్రోలు రాకముందే కూర్చున్నవారు కూర్చున్నట్టే నిద్రపోయి నా భుజం మీదకి ఒరిగిపోయారు. తెనాలిలో డాక్టరమ్మ వయసులో చిన్నది. ఆయన్ని కాకుండా నన్నడిగింది. "మీరు చెప్పండమ్మా, నిద్రలో ఊపిరి ఆగినట్టు ఎప్పుడైనా గమనించారా?" గురక ఆగడం గురించి చెప్పాను. ఆవిడ మొహం మారింది. ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి, తలకీ ఛాతీకీ వైర్లు అంటించి పరీక్ష చేశారు. గంటకు నలభై సార్లకు పైగా ఊపిరి ఆగుతోందని తేలింది.

"నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతోందండి. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. గాలి అందక ఒంట్లో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రంతా ఇదే తంతు. ఆయన పడుకుంటున్నారు గానీ నిద్రపోవట్లేదు. బీపీ అందుకే దిగట్లేదు. ఇలాగే వదిలేస్తే గుండెకీ ముప్పే, పక్షవాతానికీ దారే," అంది. దీనికి మందుబిళ్ల లేదనీ, ముక్కూ నోరూ కప్పే మాస్కులోంచి గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే సీప్యాప్ మెషీన్ రోజూ పెట్టుకుని పడుకోవాలనీ, బరువు తగ్గాలనీ, వెల్లకిలా పడుకోకూడదనీ చెప్పింది. తర్వాత, "ఏం పని చేస్తారండీ?" అని అడిగింది.

ఆయన నా వైపు చూశారు. "పొలం ఉందండి, వ్యవసాయం," అన్నాను నేను. మాకు సెంటు భూమి కూడా లేదు. డ్రైవరు అంటే ఏం రాస్తుందో, ఆ రాసింది కాలేజీ దాకా పోతే ఏమవుతుందో అని నోటికొచ్చింది చెప్పేశాను. "మంచిది. మెషీన్ బాగా అలవాటయ్యేదాకా బండి మాత్రం నడపనివ్వకండి," అంది డాక్టరమ్మ. అలాగేనండి అన్నాను. మర్నాడు పొద్దున్నే టిఫిన్ కట్టి బస్సుకి పంపించాను.

మెషీన్ పని చేసింది. మొదటి పది రోజులూ మాస్కు పీకి పారేసేవారు. నేను మళ్లీ తగిలించేదాన్ని. తర్వాత్తర్వాత ఆయనే తగిలించుకున్నారు. నెల తిరిగేసరికి తలనొప్పి పోయింది. మాత్రలు రెండు ఒకటయ్యాయి. మాటలో చిరాకు తగ్గి, బస్సు కడుగుతూ కూనిరాగాలు తీశారు. డాక్టరమ్మకి అబద్ధం చెప్పినా అంతా మంచే జరిగిందని నేనూ నిశ్చింతగా ఉన్నాను.

కార్తీకం వచ్చింది. ఆయన అయ్యప్ప మాల వేసుకున్నారు. ఏటా వేసుకునేదే గానీ, ఇది పద్దెనిమిదో ఏడు. పద్దెనిమిదోసారి కొండకి వెళ్లేవారు కొబ్బరి మొక్క తీసుకెళ్తారు. వచ్చాక గురుస్వామి అవుతారు. ఆయన దానికోసం ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నారో నాకు తెలుసు. నల్లబట్టలు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, గడ్డం తీయకూడదు, చెప్పులు వేసుకోకూడదు, తలగడ లేకుండా కటిక నేల మీద పడుకోవాలి. భార్యను మాతా అనే పిలవాలి, నేను స్వామీ అనే పిలవాలి. ముట్టుకోకూడదు. మాల పడిన రోజున ఆయన మెషీన్‌ని తుండుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశారు.

"స్వామీ, అదెందుకు లోపల పెట్టారు?"

"తలగడే వద్దనుకున్నవాణ్ణి, ముక్కులోకి గాలి కొట్టించుకుంటూ పడుకుంటానా? సుఖాలు వదలడమే దీక్ష మాతా."

"అది సుఖమేంటి? మందు."

"నలభై ఒక్క రోజులే కదా. స్వామి చూసుకుంటాడు."

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. మెషీన్ పెట్టుకున్నన్నాళ్లే పని చేస్తుందనీ, ఆపేస్తే నాలుగు రోజుల్లో మొదటికొస్తుందనీ అంది. గడ్డానికి మాస్కు సరిగా అతకదంటే, ముక్కుకి మాత్రమే పెట్టుకునేవి ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లమంది. ఈ మాటలన్నీ ఆయనకి చెప్పాను. వినలేదు. పైగా ఆ సంవత్సరం మాల వేసుకున్న స్వాములంతా, పూజలు జరిగే పీఠం దగ్గర షెడ్డులోనే పడుకుంటున్నారు. ఆయన ఊపిరి ఆగుతోందో లేదో వినడానికి కూడా నాకు దారి లేకుండా పోయింది.

అప్పటి నుంచీ నా పొద్దులు ఎలా గడిచాయో నాకే తెలుసు. ఆరూముప్పావుకి బస్సు మా వీధి చివర హారన్ కొట్టేది. ఎనిమిదిన్నరకి బాపట్ల చేరగానే మిస్డ్ కాల్ ఇవ్వాలని ఒట్టు పెట్టించుకున్నాను. ఆ గంటా నలభై అయిదు నిమిషాలూ ఏ పని చేస్తున్నా ఫోన్ వైపే చూసేదాన్ని. ఒకరోజు తొమ్మిదింపావు దాకా ఫోన్ మోగలేదు. ప్రేయర్‌లో పిల్లలు ప్రతిజ్ఞ చెబుతున్నారు, నాకు ఒక్క ముక్క వినబడలేదు. చివరికి మోగింది. చార్జింగ్ అయిపోయిందట. టాయిలెట్‌లోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.

పద్దెనిమిదో రోజు సాయంత్రం మా వీధి చివరి ఇంటి అమ్మాయి వచ్చింది. ఆ బస్సులోనే వెళ్తుంది, సెకండియర్. గుమ్మంలో నిలబడి లోపల ఎవరున్నారో చూసి గొంతు తగ్గించింది.

"ఆంటీ, అంకుల్‌కి ఒంట్లో బాగోట్లేదా?"

"ఏంటమ్మా, ఏమైంది?"

"మొన్న చెరుకుపల్లి దాటాక బస్సు రోడ్డు దిగిపోయింది ఆంటీ. కాలవ గట్టు దాకా వెళ్లింది. మేమంతా కేకలేశాం, అప్పుడు తిప్పేశారు. గేదె అడ్డం వచ్చిందన్నారు. నేను ముందు సీట్లోనే కూర్చున్నాను. గేదె లేదాంటీ."

ఆ అమ్మాయికి మంచినీళ్లిచ్చి పంపించేశాను. ఆ సాయంత్రమే కాలేజీకి ఫోన్ చేసి ఈ మనిషిని బండి ఎక్కనివ్వకండి అని చెప్పాల్సింది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. ఈ వయసులో స్టీరింగు పోతే మళ్లీ ఎవరిస్తారు అన్న ఆలోచన వచ్చి పక్కన పెట్టేశాను. నలభై రెండు మంది తల్లుల ముందు నిలబడి ఈ మాట చెప్పగలనా అంటే చెప్పలేను. ఇక్కడ రాస్తున్నాను, అంతే.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో స్వాములకు భిక్ష పెట్టాం. అందరూ తిని వెళ్లాక, ఆయన ముందుగదిలో నేల మీద తువ్వాలు పరుచుకుని వెల్లకిలా పడుకున్నారు. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. గురక పెరట్లోకి వినబడుతోంది. ఉన్నట్టుండి ఆగింది.

తడి చేతులతోనే లోపలికి పరుగెత్తాను. నోరు తెరిచి ఉంది. ఛాతీ ఎగుస్తోంది, పొట్ట ఎగుస్తోంది, గాలి మాత్రం లోపలికి పోవట్లేదు. "స్వామీ!" అన్నాను. కదల్లేదు. నా చెయ్యి ఆయన భుజం దాకా వెళ్లి ఆగిపోయింది. మాలలో ఉన్నారు, ముట్టుకోకూడదు, పద్దెనిమిదో ఏడు. ఎందుకో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పది. చప్పట్లు కొట్టాను. ఇరవై. "స్వామీ, స్వామీ" అని అరిచాను. పక్కనున్న చెంబు తీసి నేలకేసి కొట్టాను. ముప్ఫై. పెదవులు నల్లబడుతున్నాయి. ముప్ఫై ఎనిమిది దగ్గర రెండు భుజాలూ పట్టుకుని కుదిపేశాను. నీళ్లలోంచి పైకి లేచినట్టు గట్టిగా ఊపిరి పీల్చి లేచి కూర్చున్నారు.

కాసేపు ఎక్కడున్నదీ తెలియనట్టు చూశారు. తర్వాత తడిసిన భుజాలు చూసుకున్నారు.

"ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నాను."

పంపు దగ్గరికి వెళ్లి బట్టలతోనే నెత్తిన నీళ్లు గుమ్మరించుకున్నారు. ఒళ్లు కూడా తుడుచుకోకుండా పీఠానికి బయలుదేరారు. నేనూ వెనకే వెళ్లాను.

పీఠంలో గురుస్వామి డెబ్భై దాటిన పెద్దాయన, రిటైరైన పోస్టుమాస్టరు. "గురుస్వామీ, మాత నన్ను ముట్టుకుంది. నా దీక్ష చెడినట్టేనా?" అని అడిగారు మా ఆయన. పెద్దాయన నన్ను చూశారు. ఇక దాచలేకపోయాను. తెనాలిలో పరీక్ష, మెషీన్, నేను చెప్పిన అబద్ధం, ముప్ఫై ఎనిమిది దాకా లెక్కపెడుతూ నిలబడటం అన్నీ చెప్పేశాను. చివరికి గేదె సంగతి కూడా చెప్పాను.

పెద్దాయన పైగుడ్డ తప్పించి పొట్ట చూపించారు. నిండా సూది గుర్తులు. "రోజుకి రెండుసార్లు ఇన్సులిన్ పొడుచుకుంటాను స్వామీ. మందు వాడితే దీక్ష చెడేట్టయితే నాది ఏనాడో చెడిపోయింది. అది పక్కన పెట్టు. గేదె ఉందా, లేదా?"

మా ఆయన తల ఎత్తలేదు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. ఉందని అంటే, రేపు పొద్దున ఆ బస్సుకి నేనే అడ్డం పడుకోవాలని ఆ క్షణంలో తీర్మానించుకున్నాను.

"లేదు గురుస్వామీ," అన్నారు. "కళ్లు తెరిచేసరికి కాలవ ఎదురుగా ఉంది. పిల్లల కేకలకే మెలకువొచ్చింది."

మా ఆయన ఫోన్ ఇమ్మని నా వైపు చెయ్యి చాపారు. కాలేజీలో బస్సుల సంగతి చూసే సార్‌కి ఫోన్ చేశారు. "సార్, రేపటి నుంచి నేను బండి తియ్యనండి. నాకు నిద్ర జబ్బుందండి. మొన్న బండి రోడ్డు దిగింది గేదె వల్ల కాదండి, నేను కునుకు తీశానండి. ముందే చెప్పాల్సిందండి." అటు నుంచి ఏం వచ్చిందో నాకు వినబడలేదు. అవునండి, లేదండి, అలాగేనండి అంటూ పెట్టేశారు. ఉద్యోగం ఉందో ఊడిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంటికొచ్చాక ఆయనే బీరువా తీసి, మెషీన్ బయట పెట్టి మాస్కు కడిగారు. రేపు తెనాలి వెళ్లి గడ్డానికి సరిపోయేది తెచ్చుకుందామన్నారు. తను చేసేది డ్రైవరు పని అని డాక్టరమ్మకి తనే చెప్పుకుంటానన్నారు. సరేనన్నాను. ఆయన అరుగు మీద ఆ చివర కూర్చున్నారు, నేను ఈ చివర కూర్చున్నాను. ముట్టుకున్నందుకు ఇప్పుడు తిడతారని ఎదురుచూస్తున్నాను.

"ముప్ఫై ఎనిమిది దాకా ఎందుకు ఆగావు?" అన్నారు.

"మీ దీక్ష చెడుతుందేమోనని," అన్నాను.

నా వైపు తిరిగి చూశారు. ఆ కళ్లలో కోపం లేదు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన భయపడటం నేను చూసింది అప్పుడే.

"ఇంకెప్పుడూ లెక్కపెట్టమాకు మాతా," అన్నారు. "ఒకటి అనకముందే ముట్టుకో."