తప్పు అక్క కిడ్నీది కాదు

వీధిలో అందరికీ అతను కత్తెర బాబాయి. అక్క ఇచ్చిన కిడ్నీతో ఆరేళ్లుగా సెలూన్ నెట్టుకొస్తున్నాడు. లోపల పెట్టిన పరాయి అవయవం మీద ఒళ్లు తిరగబడకుండా రోజూ రెండు పూటలా మాత్రలు వేసుకోవాలి. వాటితో వచ్చిన చిక్కల్లా చేతి వణుకే. కత్తెర పరవాలేదు గానీ, గొంతు దగ్గర కత్తి వణికితే ఎవరు కూర్చుంటారు?

"జుట్టు వరకూ చాలు బాబాయ్. గడ్డం ఇంటి దగ్గర గీసుకుంటా, పిల్లలు గలవాణ్ణి," అనేవాళ్లు. అందరితో పాటు తనూ నవ్వేవాడు గానీ, లోపల తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు జుట్టు కత్తిరించుకోవడానికి ఒక గుమాస్తా వచ్చాడు. మాటల్లో, "నాకు ఎవరో చనిపోయినాయన లివర్ పెట్టి పదకొండేళ్లు. ఇప్పుడు ఒక్క మాత్ర కూడా లేదు, తెలుసా? ఒళ్లు దాన్ని తనదే అనుకుంటోందట. డాక్టర్లే రెండేళ్లు పట్టి, మాటిమాటికీ రక్తం చూస్తూ, కొద్దికొద్దిగా మాన్పించారు," అన్నాడు.

బాబాయి చెవికి మాన్పించారన్న ఒక్క మాటే ఎక్కింది. ముక్కూమొహం తెలియనివాళ్ల లివరే కలిసిపోతే, తోడబుట్టినదాని కిడ్నీ కలవదా? మర్నాటి నుంచి పొద్దుటి మాత్రలు మానేశాడు. ఇంట్లో చెప్పలేదు. పదిహేను రోజులకు చెయ్యి కుదురుకుంది. పోయిన గడ్డాలన్నీ తిరిగొచ్చాయి.

మూడో నెలలో రక్తపరీక్ష చేస్తే కిడ్నీ చతికిలపడుతోందని తేలింది. డాక్టరు పిలుపు కోసం అక్కా తనూ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నారు.

"నాదే తప్పురా," అంది అక్క. "అప్పటికే నాకు యాభై దాటాయి. చెల్లి ఇస్తానంటే వినకుండా, ముసలి కిడ్నీ నీకు అంటగట్టాను."

"అదేం లేదక్కా," అని ఊరుకున్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, "కాసిని నీళ్లు తాగు, మొహం పీక్కుపోయింది," అంటూ సీసా మూత తీసి ఇచ్చింది. సీసా తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నేనే మానేశానక్కా."

"ఏం మానేశావు?"

"పొద్దుటి మాత్రలు. చెయ్యి వణుకుతోందని."

అక్క సీసా మూత బిగించింది. "నా పొట్ట మీది కోత కంటే ఎవడి గడ్డమో ఎక్కువైందిరా నీకు?"

ఇంతలో లోపలికి పిలిచారు.

"మాత్రలేమైనా తప్పాయా?" అడిగాడు డాక్టరు.

"ఒకటి రెండు రోజులు..." నోరు దానంతటదే అనేసింది. అక్క గోడవైపు చూస్తోంది. డాక్టరు అదే రాసుకుంటున్నాడు.

"కాదండీ. ఎనభై రోజులు. పొద్దుటివి. కావాలనే మానేశాను." గుమాస్తా సంగతీ చెప్పాడు.

డాక్టరు కలం కింద పెట్టాడు. "లివర్ వాళ్లలోనే ఏ కొందరికో కుదురుతుంది, అదీ మా కళ్ల ముందు. కిడ్నీకి మరీ అరుదు. ఇంజెక్షన్లతో కొంత దక్కొచ్చు. పోయిందంతా రాదు."

"దక్కినంత దక్కించండి," అంది అక్క, తమ్ముడి వైపు చూడకుండా.

ఆ పూటే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అక్క బయట బెంచీ మీదే ఉండిపోయింది. లోపలికి రమ్మని పిలిచే మొహం అతనికి లేదు.