శుభవార్త గారు అనౌన్స్ చేయని వార్త

ఆ రోజుల్లో వార్త అనేది తనంతట తాను నడిచివచ్చేది కాదు. ఎవరో ఒకరు లేచి, గొంతు సవరించుకుని, నలుగురికీ వినపడేలా చెప్పాల్సి వచ్చేది. మాదాపూర్‌లో ఆ గుండ్రటి అద్దాల భవనం అప్పుడే కొత్తగా లేచింది. దాన్ని దాటి కొండాపూర్ వైపు వెళ్తే ఇంకా బండరాళ్లు, సీతాఫలం పొదలు, రోడ్డు మధ్యలో తీరిగ్గా నిలబడే మేకలు. ఆ దారిలోనే కింద సిమెంటు దుకాణం, పైన మా సాఫ్ట్‌వేర్ కంపెనీ. (సాఫ్ట్‌వేర్ కంపెనీ అని మేం అనుకునేవాళ్లం. సిమెంటు కోసం వచ్చినవాళ్లు మాత్రం పైన టైపు నేర్పుతారా అని అడిగేవారు.) తణుకు నుంచి ఇంగ్లీషు బి.ఏ. పట్టా, ఒక పర్యాయపదాల నిఘంటువు, మా అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ పట్టుకుని దిగిన నన్ను అక్కడ నోటీసులూ మాన్యువల్సూ రాసే పనిలో పెట్టుకున్నారు. ప్రోగ్రాములు రాయడం నాకు బొత్తిగా రాదు. ఆ సంగతి వాళ్లకీ తెలుసు కనుక గొడవ లేకపోయింది.

మా యజమానిది గుంటూరు వైపు. చల్లని మనసున్న మనిషి. ఆయనకు లోకంలో అన్నిటికంటే ఇష్టమైన మాట ‘అనౌన్స్’. సోమవారం పొద్దున్నే అందరినీ నిలబెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, "వుయ్ ఆర్ ప్లీజ్డ్ టు అనౌన్స్..." అని మొదలుపెట్టేవారు. అందుకే ఆఫీసులో అందరం ఆయన్ని చాటుగా శుభవార్త గారు అనేవాళ్లం. అదే వాక్యం వారం వారం టైపు చేసి నాకు విసుగొచ్చి, ఒకసారి నిఘంటువు తెరిచి ‘డిక్లేర్’ అని పెట్టాను. ఆయన కళ్లజోడు పైకి జరిపి, "డిక్లేర్ చేస్తే యుద్ధమన్నా చెయ్యాలి, సెలవన్నా ఇవ్వాలి బాబూ. మనం రెండూ చెయ్యట్లేదుగా?" అన్నారు. మరో వారం ‘ప్రొక్లెయిమ్’ అన్నాను. "దానికి ఏనుగూ, డప్పులూ కావాలి" అన్నారు. ‘డిస్‌క్లోజ్’ అంటే ఏదో దాచి దొరికిపోయినట్టుందన్నారు. ‘ఇన్‌ఫార్మ్’ అంటే అది పోలీసులకిచ్చేది అన్నారు. చివరికి నా భుజం తట్టి, "అనౌన్స్ అంటే నిండుగా ఉంటుంది బాబూ, నోరంతా తెరుచుకుంటుంది. ఉండనివ్వు" అన్నారు. అంత చదువు చదివి తెచ్చుకున్న నిఘంటువు ఆ రోజు నుంచి ఆవకాయ జాడీ కిందకు వెళ్లింది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే ఆయన అనౌన్స్ చేసినది ఏదీ జరిగేది కాదు. ఆఫీసు బస్సు అన్నారు, రాలేదు. ఏసీ అన్నారు, సింగపూర్ కాంట్రాక్టు అన్నారు, రెండూ ఆ దారిలోనే ఎక్కడో ఆగిపోయాయి. పుప్పాలగూడలో సొంత భవనం అన్నారు, అక్కడ గడ్డి మొలిచింది. అబద్ధాలాడే మనిషి కాదు. ప్రతిదానికీ నిజంగానే తిరిగేవారు, నిజంగానే నమ్మేవారు. మాటవరసకైనా చెప్పని జనరేటర్ మాత్రం ఒక మధ్యాహ్నం లారీలో దానంతట అదే వచ్చి దిగింది. దాంతో మా అందరికీ ఒక నమ్మకం కుదిరిపోయింది. కింద చెట్టు నీడన చాయ్ అమ్మే అక్కకైతే మరీనూ. క్యాంటీన్ వస్తుందని ఆయన అనౌన్స్ చేసిన రోజు, ఆవిడ బేరం పోతుందేమోనని నేను మెల్లగా ఆ కబురు చెబితే, ఆవిడ పకపకా నవ్వింది.

"మీ సారే చెప్పిండా? ఆయన నోటితోనే?"

"అవునక్కా, ఇందాకే."

"ఇగ నాకేం ఫికర్ లేదు పో. ఆయన చెప్పిండంటే అది రాదు. జర ఆ గ్లాసు ఇటియ్యి."

టెస్టింగ్ విభాగంలో ఒక కర్నూలు అమ్మాయి ఉండేది. నేను రాసిన మాన్యువల్ మొదటిసారి ఆమె చేతికి వెళ్లి వచ్చేసరికి పేజీల నిండా ఎర్ర సిరా. "ఈ బటన్ నొక్కితే ఫైల్ సేవ్ అయితాదని రాసినావే, నొక్కి చూసినావా?" అని అడిగింది. లేదండీ అన్నాను. "మరి యాడ్నించి రాసినావప్పా?" అంది. ఆ ప్రశ్నకు జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు కానీ, దాన్ని వెతుక్కుంటూ రోజుకు నాలుగుసార్లు ఆమె టేబులు దగ్గరకు వెళ్లడం అలవాటైంది. అలా వెళ్లగా వెళ్లగా, పెళ్లి చేసుకుంటే ఈ నడక తప్పుతుందని ఇద్దరం ఒక నిర్ణయానికి వచ్చాం. మా ఇంట్లో కాస్త గొణిగి ఒప్పుకున్నారు. వాళ్ల నాన్నగారు మాత్రం, నాపరాళ్ల వ్యాపారం చేసే మనిషి, మాటా అంత బరువే, "పెద్దన్నతో మాట్లాడి ఆదివారం చెబుతాను. ఈలోపల ఈ సంగతి ఇంకెవరి నోటైనా నా చెవిన పడితే, ఇంక నన్ను అడగొద్దు" అన్నారట.

నాకు తిన్నగా కూర్చుని ఆదివారం కోసం ఎదురుచూడ్డం రాలేదు. ఒకవేళ సరేనంటే కర్నూలు వెళ్లాలి కదా అని, ముందుజాగ్రత్తగా సోమవారం సెలవడిగాను. ఎందుకు బాబూ అన్నారు శుభవార్త గారు. అంత ఆప్యాయంగా అడిగితే జ్వరమని ఎలా చెప్పను? ఉన్నదంతా చెప్పేశాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"శనివారం మన యాన్యువల్ డే కదా! అందరి ముందూ అనౌన్స్ చేసేద్దాం!"

"వద్దండీ! ఆదివారం దాకా ఎవరికీ తెలియకూడదండీ!"

"ఒక్కరోజులో ఏముంది బాబూ, శుభస్య శీఘ్రం!"

నేరుగా టెస్టింగ్ విభాగానికి పరుగెత్తాను. కర్నూలు అమ్మాయికి చెబితే ఆమె తల పట్టుకుంది. "సెలవడగమంటే కథంతా చెప్పొచ్చినావా? ఆయన పుప్పాలగూడ ప్లాటు కోసం తిరిగేది ఎవరి వెంటనుకున్యావు? మా చిన్నాయన వెంటే! శనివారం ఆయనే ముఖ్య అతిథి. ఈయన నోరు తెరిచినాడంటే రాత్రికి మా నాయనకు ఫోను పోతాది." ఆ పైన ఇంకా నీరసంగా అంది. "అదొక్కటే అయితే పర్లేదు. ఆయన అనౌన్స్ చేసినాక మన పెండ్లి కూడా క్యాంటీనే గదప్పా!"

ఆయన ఉపన్యాసం టైపు చేసేది నేనే కనుక, మా సంగతి లేకుండా టైపు చేసి ఇచ్చాను. ఆయన కింద పెన్నుతో రాసుకొచ్చారు. పోనీ శాపం కాస్త తగ్గుతుందేమోనని ‘అనౌన్స్’ తీసి ‘ఇన్‌ఫార్మ్’ పెట్టాను. పోలీసులకు ఇచ్చినా ఫరవాలేదనే స్థితికి వచ్చాను మరి. ఆయన దాన్ని కొట్టేసి, అనౌన్స్ అని ఇంకా పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత కూడా గీశారు.

శనివారం సాయంత్రం మేడమీద షామియానా వేశారు. ముందు వరసలో చిన్నాయన మిర్చి బజ్జీ తింటున్నారు. మెట్ల దగ్గర చాయ్ అక్క డబ్బాతో నిలబడింది. శుభవార్త గారు మైకందుకుని బస్సు అనౌన్స్ చేశారు, చప్పట్లు కొట్టాం. సొంత భవనం అనౌన్స్ చేశారు, చిన్నాయన బజ్జీ పక్కన పెట్టి కొట్టారు. క్యాంటీన్ అన్నప్పుడు అందరికంటే గట్టిగా చాయ్ అక్క కొట్టింది. ఆ తర్వాత ఆయన కాగితం అడుగుకు చూశారు. రెండు వరసల ముందు కర్నూలు అమ్మాయి కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది.

"అండ్ ఫైనల్లీ, వుయ్ ఆర్ ప్లీజ్డ్ టు..."

ఆగారు. నా వైపు చూశారు, ఆ అమ్మాయి వైపు చూశారు. నోరు ఒకసారి తెరుచుకుని మూసుకుంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "టీ చల్లారిపోతోంది, తాగండి" అని దిగిపోయారు. ఆ నోట ఆ వాక్యం పూర్తికాకుండా మిగిలిపోవడం మేమెవ్వరం అంతకుముందు చూడలేదు. జనం చెదిరాక నీళ్ల డ్రమ్ము దగ్గర ఆయన్ని పట్టుకున్నాను.

"ఎందుకు ఆపేశారండీ?"

"నేను అనౌన్స్ చేసింది జరగదని ఆ చాయ్ అమ్మకి కూడా తెలుసు. నాకు తెలియదనుకున్నావా బాబూ?"

"మరి ప్రతి వారం..."

"ఏం చెయ్యను? జీతాలు పెంచలేకపోతున్నా. ఆశన్నా పెంచుదామని. బస్సు రాకపోతే మీరు నడుస్తారు. ఆ పిల్ల రాకపోతే నువ్వేం చేస్తావు?"

ఆయనంటే అప్పటిదాకా జాలి, నవ్వు మాత్రమే ఉండేవి. ఆ పూట నుంచి ప్రేమ కూడా కలిసింది.

ఆదివారం మధ్యాహ్నం కర్నూలు నుంచి కబురొచ్చింది. నాన్నగారు ‘కానీండి’ అన్నారట. కర్నూలులోనే పెళ్లి. శుభవార్త గారు వచ్చి, ముహూర్తం దాకా నోటికి జేబురుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. మూడో ముడి పడిందో లేదో, మేళగాళ్ల దగ్గర మైకు లాక్కుని, "వుయ్ ఆర్ ప్లీజ్డ్ టు అనౌన్స్... అయిపోయింది!" అని అరిచారు. మా పక్కనే అక్షింతలు పట్టుకుని నిలబడ్డ చాయ్ అక్క, "ముడి పడ్డంక చెప్పిండు, హుషారున్నడు" అని మెచ్చుకుంది.

కొన్నేళ్లకు కంపెనీ మూతపడింది. ఆ సంగతి ఆయన అనౌన్స్ చేయలేదు. ఒక్కొక్కరి టేబులు దగ్గరకూ వచ్చి, పక్కన కూర్చుని, మెల్లగా చెప్పారు. అది మాత్రం జరిగింది.

మొన్న మా అమ్మాయి సాయంత్రం ఇంటికి వస్తూనే, "నాన్నా, అమ్మా, ఒకటి అనౌన్స్ చెయ్యాలి!" అంది. వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చి, "ఆ మాట వద్దు తల్లీ, ఊరికే చెప్పు!" అంది. నేను అప్పటికే నోటికి జేబురుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నాను. అమ్మాయి మా ఇద్దర్నీ వింతగా చూసింది. దానికి ఉద్యోగం వచ్చిందట. కాగితం చేతికి వచ్చిందా, చేరిపోయావా అని మా ఆవిడ రెండుసార్లు అడిగి, ఈ రోజే చేరి వచ్చానని తెలిశాక, నా వైపు తిరిగి, "ఇంక కానీ" అంది. నేను లేచి, గొంతు సవరించుకుని, చేతులు వెనక్కి కట్టుకున్నాను. "వుయ్ ఆర్ ప్లీజ్డ్ టు..." అని ఆగి, శుభవార్త గారిలాగే ఇద్దరి వైపూ చూశాను. మిగతాది మా ఆవిడే పూర్తి చేసింది.