పెంటప్ప మామ తొక్కని గడ్డి

నీలం నగర్‌లో పెంటప్ప మామను ఎరగని వాళ్ళుండరు. అంత పేరు ఆయనకు మగ్గం వల్ల రాలేదు, చాదస్తం వల్ల వచ్చింది. కప్పుకునే చద్దర్లు నేసే మనిషి, పొద్దస్తమానం బట్ట మధ్యనే బతుకు. కానీ నేసిన బట్టను కాలితో తొక్కడు, ఇంకొకరిని తొక్కనివ్వడు. ఇంటికొచ్చిన చుట్టం పొరపాటున చద్దరు మీద కాలు పెడితే, తనే వంగి ఆ కాలును పక్కకు జరిపి, చద్దరును కళ్ళకద్దుకుంటాడు. ఆ చుట్టం మళ్ళీ రావాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

ఆయన పెళ్ళి కథ ఇంకా విచిత్రం. గుమ్మం నుంచి పందిరి దాకా కొత్త చద్దర్లు పరిచారట. పెళ్ళికొడుకు వాటి పక్కన మట్టిలో నడిచాడు. పెళ్ళికూతురు, అంటే మా సుందరాబాయి అత్త, ఒక్కతే చద్దర్ల మీద నడిచి పందిట్లోకి వెళ్ళింది. అత్త ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు. బీడీలు చుడుతూ, ఎవరు దొరికితే వాళ్ళకు చెబుతుంది. నాకైతే ఎన్నిసార్లు చెప్పిందో.

ఇక కండె. వాళ్ళ కుక్క. పిల్లగా ఉన్నప్పుడు మగ్గం దగ్గరి నూలు చుట్టిన కండెను నోట కరుచుకుని బయటికి ఉరికింది. నూలు గల్లీ పొడుగునా సాగింది. అందుకే ఆ పేరు. ఆ రోజే మామ దానికి ‘బట్ట’ అనే మాట నేర్పాడు. ఆ మాట చెవిన పడితే చాలు, కండె పెట్టబోయిన కాలును వెనక్కి తీసుకుంటుంది. మామ అన్నానికి కూర్చుంటే మొదటి ముద్ద దానిదే.

ఇప్పుడు కండె ముసలిదైంది. వెనక కాళ్ళు పట్టు తప్పాయి. వాకిలంతా నున్నటి షాబాద్ బండలు. వాటి మీద జారిపడీ పడీ, బండ మీద కాలు పెట్టాలంటేనే వణుకుతుంది. మామ దాన్ని ఒంటికీ రెంటికీ ఎత్తుకుని ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాటుకు తీసుకెళ్ళేవాడు. ఒకనాడు కుక్కతో సహా తనూ పడ్డాడు. నడుము పట్టేసింది. అక్కల్‌కోట్ దగ్గర పొలమున్న తన తమ్ముడింటికి కుక్కను పంపేద్దామంది అత్త. మామ ఆ పూట అన్నం ముట్టలేదు. ఆఖరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. వాకిట్లో ప్లాస్టిక్ గడ్డి వేయిస్తారు. కండె దాని మీద నిలబడి తన పని తాను చేసుకుంటే ఇక్కడే ఉంటుంది, లేకపోతే పొలానికి పోతుంది.

హోట్గి రోడ్‌లో ఆ గడ్డి అమ్మేదీ పరిచేదీ నేనే. ఆదివారం పొద్దున వెళ్ళాను. బండలు కడిగి, నీళ్ళు గోడ పక్క మోరీ కాలువ వైపు పారుతున్నాయో లేదో చూసి, అడుగున నీళ్ళు దిగే జాలీ పరిచి, పైన గడ్డి చుట్ట విప్పాను. ముడతలు పోయేదాకా ఎండకు వదిలి, కత్తిరించి, అతుకుల కింద జిగురు పట్టించాను. నన్ను నేను పొగుడుకోవడం కాదు గానీ, పని చక్కగా కుదిరింది. కండె అంచు దాకా వచ్చింది. వాసన చూసింది. ఒక కాలు మోపింది కూడా. అప్పుడే మామ మిగిలిన ముక్కను తిరగేసి, వెనక వైపు వేళ్ళతో తడిమాడు.

“అమోల్, ఇటు చూడు. కింద పోగులున్నయి. పడుగు, పేక బరోబర్ ఉన్నయి. గిది గడ్డి గాదు, బట్టనే,” అన్నాడు మురిసిపోతూ.

కండె కాలు వెనక్కి తీసుకుంది.

ఆ తర్వాత ఏం చేసినా అది కదల్లేదు. ప్లాటు నుంచి దానికి అలవాటైన మట్టి తెచ్చి చల్లాను. బిస్కెట్ పెట్టాను. అంచున కూర్చుని, మెడ సాచి, బిస్కెట్ మాత్రం తినేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఇంత మొండి కుక్కను నేను యాడా చూడలే మామా,” అన్నాను.

మామ దాని తల నిమురుతూ ఉండిపోయాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూశాక నా కోపం చల్లారింది, జాలేసింది.

గుమ్మంలో బీడీలు చుడుతున్న అత్త తలెత్తింది.

“కుక్కనెందుకు తిడుతవ్ అమోల్? జరా ఆయన కాళ్ళు చూడు.”

చూశాను. మామ పొద్దుటి నుంచి లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నాడు, కానీ గడ్డి మీద ఒక్క అడుగు వేయలేదు. మోరీ కోసం నేను వదిలిన బెత్తెడు బండ మీద, గోడ పట్టుకుని పక్కకు పక్కకు నడుస్తున్నాడు. అదీ ఆ నడుము నొప్పితో.

“బట్టను తొక్కొద్దని దానికి నువ్వే నేర్పితివి. దీన్ని బట్ట అని నువ్వే అంటివి. నువ్వే తొక్కకపోతే అదెట్ల తొక్కుతది?” అంది అత్త.

“బట్టనే గద మరి,” అని గొణిగాడు మామ.

“అయితే పొలానికి పంపు.”

మామ గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు తొడుక్కున్నాడు. కుడికాలు గడ్డి మీద పెట్టాడు. ఎడమకాలు పెట్టాడు. నడిమధ్యకు పోయి, చెప్పు కాలితో తట్టి చూపించాడు.

“గడ్డి,” అన్నాడు. “కండె, గిది గడ్డిరా. దా.”

కండె ఆయన చెప్పుల వైపు చూసింది. ఆయన మొహం చూసింది. ఒక్కో కాలే వేసుకుంటూ వెళ్ళింది. వెనక కాళ్ళు జారలేదు. ఆయన పక్కనే వంగి, ఎప్పటి నుంచి ఆపుకుందో ఏమో, తీరుబడిగా పని కానిచ్చింది. తడి కిందికి దిగి మోరీ పట్టింది. మామ నవ్వాడు. నాకూ సంతోషం పట్టలేదు.

అత్త మాత్రం నవ్వలేదు. ఒళ్ళోని చేట దించి పక్కన పెట్టింది.

“పెండ్లిల నా పక్కన నడవకపోతివి. కుక్క కోసం నడిచినవ్.”

మామ తల దించుకుని, “దా,” అని చెయ్యి చాపాడు. అత్త చీర మీది తంబాకు పొడి దులుపుకుని లేచింది. గేటు దాకా పోయి, అక్కడి నుంచి ఇద్దరూ గడ్డి మీద గుమ్మం వైపు నడిచి వచ్చారు. వెనక కండె. నడుమ ఒకసారి మామ అలవాటుగా పక్కనున్న బండ మీదికి జరగబోయాడు, అత్త చెయ్యి వదల్లేదు.