సాజిదా పేరు మీద పడ్డ తప్పు

గుంటూరులో మిర్చి కొట్టు పైన ఉన్న ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్త లాప్‌టాప్‌లు మగవాళ్లకిచ్చి, కొత్త విండోస్ ఎక్కని పాతదాన్ని సాజిదా ముందు పడేశారు. ఆమె అందులో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేసుకుంది. కిందినుంచి మిర్చి ఘాటు లేచినప్పుడల్లా చున్నీ అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఒంటిచేత్తో టైపు చేస్తుంది. తుమ్మొచ్చినా తనదే తప్పన్నట్టు "సారీ అండి" అంటుంది. విండోస్‌లో రాసిన ప్రోగ్రాం ఫైల్లో ప్రతి లైను చివరా కంటికి కనపడని గుర్తులు రెండుంటాయి, లినక్స్‌లో ఒక్కటే. కోల్డ్ స్టోరేజీ లెక్కల ప్రోగ్రాంలో ఆమె ఒక్క లైను దిద్ది సేవ్ చేసేసరికి ఎడిటర్ అన్ని లైన్ల చివరలూ మార్చేసింది. ఎవరు ఏ లైను మార్చారో చూపే చిట్టాలో ఫైలు మొత్తం ఆమే రాసినట్టు నమోదైంది. మొన్న ఆ ప్రోగ్రామే కోల్డ్ స్టోరేజీలో ఒక రైతు మిర్చి బస్తాలను ఇంకో రైతు పేరున చూపించింది.

"ఏమ్మా, ప్రతి లైనూ నీ పేరు మీదే ఉంది గదా, ఇంకెవరు చెడగొట్టారు?" అన్నాడు మేనేజరు రాఘవ.

"నేను దిద్దింది తేదీ లైనొక్కటేనండి. మిగతా వాటికి చివరి గుర్తులు మారాయంతే."

"కనపడని గుర్తులా? దయ్యాలేమో, తాయెత్తు కట్టించుకో!"

అందరూ నవ్వారు. ఆమె ఉద్యోగం ఖాయం చేయాల్సిన సంతకం ఆగిపోయింది. సాజిదా తల వంచుకుని, ఏ కంప్యూటర్లో దిద్దినా చివరి గుర్తు ఒకేలా ఉండేటట్టు ఒక నియమాన్ని చిన్న ఫైల్లో రాసి ఆఫీసులో అందరికీ పంపింది. దాన్ని ఇంతవరకూ ఎవరూ తెరవలేదు.

మీ ఆఫీసులోనూ ఒక సాజిదా ఉండే ఉంటుంది. నింద వేసేముందు ఆ గుర్తుల తేడా పక్కనపెట్టి, పాత ఫైలుతో ఒక్కసారి పోల్చి చూడండి. ఆ కాస్త పనికి బద్ధకించి ఒక మనిషి నోటికాడి కూడు లాగేయకండి.