చుట్టాలకు పెట్టిన మందు

మొన్న హిందూపురంలో మా కొడుకింటి వంటగదిలో ఎలుక కనిపించింది. అందులో వింతేమీ లేదు గానీ, మా కోడలు హాలు మధ్యలో నిలబడి, ఫోను చెవికి ఆనించుకుని, ఇంట్లో ఎలుకలున్నాయి, వచ్చి చంపిపోతారా అని ఇల్లంతా వినబడేటట్టు అడిగిందే, అది మాత్రం నన్ను కుర్చీలోంచి లేపి నిలబెట్టింది. ఎవరో ఇద్దరు కుర్రవాళ్ళు మూతులకు గుడ్డలు కట్టుకుని వచ్చి, జిగురు పూసిన అట్టలు మూలమూలనా పరిచి, అవ్వా నువ్వు లోపలికి పోయి తలుపేసుకో అన్నారు. నేను పోలేదు. ఎలుకలకు భయపడి తలుపేసుకునే మనిషిని కాను నేను, ఆ సంగతి ధర్మవరంలో మా వీధి వీధంతా ఎరుగును.

నా ఈడు ఆడవాళ్ళకు చెప్పనక్కర లేదు, మన అత్తల కాలంలో ఇంట్లో ఏ వస్తువునూ దాని పేరుతో పిలవనిచ్చేవారు కారు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి, దీపం ఆరితే కొండెక్కిందనాలి, చేతి గాజు పగిలితే పెరిగిందనాలి. పెనుకొండలో దర్జీపని చేసే మా నాయన మాత్రం గుడ్డ కొరికిన ఎలుకను అంగడి ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టేవాడు కాబట్టి నాకు ఈ మర్యాదలు అలవాటు కాలేదు. అలాంటి దాన్ని ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి కోడలిగా పంపించారు. కాపురానికి వచ్చిన కొత్తలోనే, అదిగో ఎలుక అని నేను అన్నానో లేదో, మా అత్త పరుగున వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

“పేరు పెట్టి అనాకమ్మా, ఇంటాయి” అంది. వింటే కక్ష కడతాయట, ఇంట్లో ఉన్న వాటిలో మంచి చీర ఏదో వెతుక్కుని మరీ కొరుకుతాయట. అందుకని ఆ ఇంట్లో ఎలుకలను చుట్టాలు అనేవారు. చుట్టాలు వచ్చినారు, చుట్టాలు అటక మీద ఉన్నారు, చుట్టాలు పప్పు తినిపోయినారు. మా ఆడపడుచు చిన్నప్పటి నుంచీ అలాగే అలవాటుపడి, నిజంగా చుట్టాలు వచ్చినప్పుడు కూడా ముందు పప్పుడబ్బాకు మూత ఉందో లేదో చూసుకునేది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, నేతగాళ్ళ ఇంట్లో ఎలుక అంటే నవ్వులాట కాదు. మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు దించుకుని మా ఆయన పొద్దంతా నేసేవాడు. మగ్గం మీద పొడుగునా బిగించే పట్టుపోగులను పడుగు అంటారు, ఆ పడుగుకు గంజి పట్టిస్తారు, ఆ గంజి వాసనకు ఎలుకలు గుంతలోంచి ఎక్కి వచ్చి పోగులు కొరికేవి. కొరికిన ప్రతి పోగునూ వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెట్టి అతకాలి, అతికినా ఆ చోట చీర కాస్త ఉబ్బి కనిపిస్తుంది. పట్టు మాది కాదు, షావుకారుది. రెండు చీరలు అలా అతుకులతో దిగాక ఆయనే మా ఇంటికి వచ్చి, మగ్గం పక్కన నిలబడి, గొంతు పెంచకుండానే తేల్చి చెప్పేశాడు.

“ఇంకొక తూరి కొరికినాయంటే నీకు పట్టు ఇచ్చేది లేదప్పా. బెంగుళూరికి పోయి మిషను మగ్గం కాడ కూచో.”

మా ఆయన తల దించుకుని, అడ్డపోగు నడిపే నాడెను చేతిలో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క మగ్గమే. అది ఆగితే ఆయన ఊరు దాటాలి, నేను అత్త దగ్గర ఉండిపోవాలి. పెళ్ళయి ఏడాది కూడా తిరగలేదు, మనిషిని అప్పుడే బెంగుళూరికి పంపించి బస్సుల వైపు చూస్తూ కూర్చోవడానికా నేను పెనుకొండ వదిలి వచ్చింది? ఒళ్ళు మండింది నాకు. ఎలుకల సంగతి నేను చూస్తానని ఆ పూటే అనేశాను, అది కూడా పేరు పెట్టే అన్నాను.

మా అత్త మంచిదే, కాకపోతే వినాయకుడి వాహనాన్ని చంపడం పాపమని ఆవిడ నమ్మకం. రోజూ సందెవేళ గుంత అంచున గుప్పెడు బొరుగులు పోసి దండం పెట్టేది. కడుపు నిండితే పడుగు జోలికి రావని ఆవిడ లెక్క. షావుకారు మాట విన్నాక ఆవిడ కూడా బెదిరిపోయి, సరే మందు పెట్టుకోండి, పేరు మాత్రం ఎత్తవద్దు అంది. అంగట్లో ఎలుకల మందు తెప్పించి, రాగిపిండిలో బెల్లంతో కలిపి, చిన్న చిన్న ఉండలు చేసి గుంత చుట్టూ పెట్టి, చేతులు రుద్దిరుద్ది కడుక్కుని, బిందె తీసుకుని వీధి చివరి కొళాయికి పోయాను.

నేను అటు పోగానే కనగానపల్లి నుంచి మా ఆయన మేనమామ, అంటే మా అత్తకు స్వయానా అన్న, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. పరువుగల రైతు, మాటకు ముందు మీసం సవరించుకునే మనిషి. మా ఆడపడుచు వాళ్ళను ముందు గదిలో కూర్చోబెట్టి, పళ్ళెంలో చెనక్కాయ ఉండలు పెట్టి ఇచ్చింది. ఇవేవీ నాకు తెలియవు. నేను పెరటి తలుపు గుండా వచ్చి బిందె దించుతున్నాను. పొయ్యి దగ్గర కాఫీ కాస్తున్న మా అత్తకు అలికిడి వినిపించి, కూతురే వచ్చిందనుకుని వెనక్కి తిరగకుండానే గట్టిగా అడిగింది, చుట్టాలకు పెట్టినావా అని.

“పెట్టినా అత్తా” అన్నాను నేను కూడా అంతకంటే గట్టిగా. “ఉండలు చేసి పెట్టినా. బెల్లం బాగా తగిలించినా, వద్దనకుండా తింటారు. పొద్దు గూకేలోపల ఒక్కరు కూడా మిగలరు, చూస్తాండు.”

ముందు గదిలో పళ్ళెం కింద పడిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే పెద్దాయన లేచి నిలబడి నోట్లోది అరచేతిలోకి ఉమ్ముకుంటున్నాడు, ఆయన భార్య గొంతులో వేలు పెట్టుకుని పెరట్లోకి పరుగు తీస్తోంది. మన వైపు మందు పెట్టడం అంటే ఏమిటో, కాపురాలు చెడగొట్టడానికి అన్నంలో ఏమేమి కలుపుతారని చెప్పుకుంటారో మీకు తెలుసు. అది ఎలుకల సంగతి అని ఒక్క మాట అంటే తీరిపోయేది. మా అత్త అనలేదు, అనలేకపోయింది. చుట్టాలంటే మీరు కాదన్నా, వేరే చుట్టాలు, మా గుంతలో ఉండే చుట్టాలు అంటుంది గానీ ఆ మూడక్షరాల మాట ఆవిడ నోట్లోంచి రాదు. గుంతలో చుట్టాలేమిటని ఆయనకు అనుమానం ఇంకా ముదిరింది. నేను ఎలుకలు ఎలుకలు అని అరుస్తూనే ఉన్నాను, మందు పెట్టినదాని మాట ఎవరు నమ్ముతారు? ఈ ఇంట్లో ఇక నీళ్ళు కూడా ముట్టనని చెప్పి చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు మా అత్త ఏడ్చిన ఏడుపు తలచుకుంటే ఇప్పటికీ నాకు జాలే. నా పుట్టిల్లు తెంపేసినావు కదే అంది. జాలి ఉంది గానీ తప్పు నాదని అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఎలుకను ఎలుక అని ఉంటే ఆ పళ్ళెం కింద పడేది కాదు. చివరికి ఆవిడ కళ్ళు తుడుచుకుని, “ఈ చీర దిగేలోపల ఒక్క పోగు తెగినా నువ్వు పెనుకొండకు నడూ” అంది. షావుకారు ఒక పక్క, అత్త ఇంకో పక్క, మధ్యలో పడుగు. సరే, ఆ పందెం నాకు సమ్మతమే అన్నాను.

మరునాడు పొద్దున చూస్తే ఇంకో విడ్డూరం. నా రాగి ఉండలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, అత్త పోసిన బొరుగుల్లో ఒక్క గింజ కూడా లేదు. పెద్దాయనకు ఎలాగూ తిండి దక్కలేదు, ఎలుకలు కూడా నా వంట ముట్టలేదన్నమాట. రోజూ సందెవేళకు విస్తరి వేసి పిలుస్తుంటే అవి ఇల్లు వదిలి యాడికి పోతాయి? ఉండలన్నీ ఏరి, ఊరి బయట గొయ్యి తీసి పూడ్చేసి వచ్చి, ఈ రోజు నుంచి బొరుగులు బంద్ అని చెప్పేశాను. మా ఆయన నా వైపూ అమ్మ వైపూ చూసి, ఏ వైపూ తేల్చుకోలేక దగ్గాడు. తరువాత మగ్గం పలకలు తీసి ఆయన గుంతలోకి దిగితే, గోడ పొడుగునా బొరియలే. అవతల వీధిలోని చెనక్కాయల గోడౌనుకు పోయే దారిలో మా గుంత వాటికి బాటసారుల సత్రమైపోయింది.

మట్టి పెట్టి మూస్తే ఒక్క రాత్రిలో మళ్ళీ తోడేస్తాయి. గాజు పెంకులు కలిపితే తోడలేవని మా నాయన అంగట్లో చూసినదాన్ని, మా ఇంటికి ఎదురుగా గాజుల అంగడి పెట్టుకున్న తురకల అవ్వను పోయి అడిగాను. ఆవిడ బుట్టెడు పగిలిన గాజులు ఇచ్చింది, ఎర్రవీ పచ్చవీ, దేనికని కూడా అడగలేదు. ఆ బుట్ట గడప దాటేసరికి మా అత్త దారికి అడ్డంగా నిలబడింది.

“పెరిగిన గాజులు నా కొడుకు కాళ్ళ కింద పోస్తావా? నోట అనే మాటేనా అది?”

ఆవిడ భయం ఏమిటో ఆడపుట్టుక పుట్టిన దేనికైనా అర్థమవుతుంది. ఆడదాని పగిలిన గాజులను మగవాడి కాళ్ళ కింద పాతడమంటే ఏ అత్త ఒప్పుకుంటుంది? నాకు కూడా భయం వేసింది, దాపరికమెందుకు. కానీ ఆ రోజు వెనక్కి తగ్గి ఉంటే జీవితమంతా ఆ ఇంట్లో చుట్టాలకు బొరుగులు పోస్తూ బతకాల్సి వచ్చేది.

“అవి పెరగలేదు అత్తా, పగిలినాయి” అన్నాను. “పుస్తె నా మెడలో ఉండాది. ఆయప్ప మగ్గం మీద నుంచి లేచి ఊరు పోతే పోయేది నా కాపురం. నాకు లేని భయం నీకెందుకు?”

ఆవిడ ఏమనుకుందో, పక్కకు జరిగింది. నేనూ మా ఆయనా గాజు పెంకులు, సున్నం, ఇసుక కలిపి ఒక్కొక్క బొరియా కూరి కూరి మూసేశాం. ఇంట్లో చిక్కుకుపోయిన వాటికి చెక్కబోను పెట్టి, ఎండుకొబ్బరి ముక్క కాల్చి గుచ్చాను. పడిన వాటిని పట్టపగలు వీధిలో అందరూ చూస్తుండగా బోనుతో సహా మోసుకుపోయి రైలు పట్టాల అవతల వదిలేదాన్ని. ఏమమ్మా అది అని ఎవరైనా అడిగితే ఎలుక అని గట్టిగా చెప్పేదాన్ని. ఆ పక్క చెనక్కాయ చేను ఎవరిదో, ఆయన నన్ను తిట్టుకునే ఉంటాడు.

చీర దిగిన రోజు షావుకారు దాన్ని వెలుతురుకు పట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో తడిమి, మడత పెట్టి, ఇంకో పడుగుకు పట్టు ఇచ్చాడు. మా ఆయన ఊరు వెళ్ళలేదు. మా అత్త మరునాడు పొద్దున్నే కొత్త రవిక తొడుక్కుని, నడుమే అంటూ నన్ను కనగానపల్లి బస్సెక్కించింది. అన్నగారి అరుగు మీద పదిమంది ఉన్నారు. ఆవిడ మెట్టు కూడా ఎక్కకుండా కింద నిలబడే అనేసింది.

“ఎలకలన్నా. నా కోడలు మందు పెట్టింది ఎలకలకు. మేమే నోరు కట్టుకోని వాటిని చుట్టాలంటాంటిమి.”

పెద్దాయన మీసం సవరించుకుని, “ఎలకలను చుట్టాలంటే మరి మమ్మల్నేమంటారమ్మా?” అని అడిగాడు. అరుగంతా నవ్వింది, నవ్వుతూనే మాకు భోజనాలు పెట్టారు. అయినా ఆయన జాగ్రత్త ఆయనది. ఆ తరువాత ఎప్పుడు మా ఇంటికి వచ్చినా పళ్ళెంలోంచి మొదటి ముద్ద నేను తిన్నాక గానీ తాను ముట్టేవాడు కాదు. నేను కూడా అన్నిటికంటే పెద్ద ముక్క చూసి తీసుకునేదాన్ని.

ఆ మగ్గం మీద ఆ తరువాత ఎన్ని చీరలు దిగాయో, ఎన్ని పెళ్ళిళ్ళకు పోయాయో. మా అత్త పోయింది, ఆవిడ అన్న పోయాడు, మా పిల్లలు ఆ నాడె చప్పుడుకే నిద్రపోయి ఆ చప్పుడుకే లేచారు. తరువాత ఊళ్ళో మరమగ్గాలు వచ్చాయి. షావుకారు కొడుకు పట్టు ఇవ్వడం ఒకేసారి మానేయలేదు, ఒక నెల ఇచ్చి ఒక నెల లేదనేవాడు, లేదన్న నెలలే ఎక్కువయ్యాయి. ఒకరోజు మా ఆయన తానే మగ్గం విప్పి, కొయ్యలు గోడకు చేర్చి, గుంత పూడ్పించి, మీద బండలు పరిపించాడు. ఇప్పుడు అక్కడ సోఫా ఉంది. ఆ ఇంట్లో ఎలుకలు లేవు, పట్టు లేదు, గంజి వాసన లేదు, ఇంట్లో మనుషులు మాట్లాడుకోకపోతే ఇంకే చప్పుడూ లేదు. మా ఆయన చివరి రోజుల్లో ఊరికే కూర్చున్నప్పుడు కూడా చెయ్యి అటూ ఇటూ కదులుతూ ఉండేది.

ఒక్కోసారి నాకు కోపం వస్తుంది, ఈ వయసులో రాకూడదంటారు గానీ వస్తుంది. పోగులు కొరికిన ఎలుకకు పళ్ళుండేవి, తోక ఉండేది, రావడానికీ పోవడానికీ బొరియ ఉండేది. ఎదురు నిలబడి కాపాడుకున్నాను నా మగ్గాన్ని. అంత కష్టపడి నిలబెట్టుకున్న మగ్గాన్ని చివరికి తినేసినదేదో, అది ఏ దారిన మా ఇంట్లోకి వచ్చిందో, ఏ బొరియ మూసి ఉండాల్సిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. తెలిసి ఉంటే మాత్రం మూసి తీరేదాన్ని.