బొల్లాపల్లి హాస్టల్ దాకా

మా రేడియో స్టేషన్ డైరెక్టరుగా రిటైరైన రామలింగయ్యగారు కిందటి నెల కన్నుమూశారు. ఆయన కింద చాలా ఏళ్లు అనౌన్సరుగా పనిచేశాను. బొల్లాపల్లి అవతల తండా ఆడపిల్లలు చదువుకోవడానికి ఆయన ఒక హాస్టల్ కట్టించారు. తన పుస్తకాలన్నీ దానికే చేరాలని ఆయన కోరిక. ముందు చోటు చూసి రమ్మని ఆయన భార్య సరస్వతమ్మగారు నన్ను అడిగారు.

ఉదయం ఆరున్నరకు గుంటూరులో రైలెక్కాను. నరసరావుపేటలో ఇడ్లీ పొట్లం కొనుక్కున్నాను. తొమ్మిది దాటాక వినుకొండలో దిగి టీ తాగి బొల్లాపల్లి బస్సు పట్టుకున్నాను. "నీళ్లు ఇక్కడే పట్టుకో అన్నా, అక్కడ దొరకవు" అన్నాడు కండక్టరు. ఆ మాట విన్నందుకు మేలే జరిగింది. అటు వెళ్లేవాళ్లెవరైనా వినాల్సిన మాటే.

బొల్లాపల్లిలో దిగి ఆటోలో హాస్టల్‌కు వెళ్లేసరికి పన్నెండయింది. గేటుకు తాళం. వెనకగదిలో ఉంటున్న వంటమనిషి మస్తాన్‌బీ వచ్చి తీసింది. లోపల మంచాలు ఒకదానిమీదొకటి పేర్చి ఉన్నాయి. రెండేళ్ల కిందట బోరు ఎండిందట. అదే వేసవిలో సారుకు పక్షవాతం వచ్చింది. పట్టించుకునేవాళ్లు లేక పిల్లలంతా పెద్దవాళ్ల వెంట మిరపకోతలకు వెళ్లిపోయారు.

ఆయన మాత్రం మంచంలోంచే ప్రతి ఆదివారం ఫోన్ చేసి, పిల్లలచేత పాఠాలు చదివించుకునేవారట.

"మూతబడిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు సార్. జ్యోతి ఒక్కదాన్నే నా దగ్గర ఉంచుకున్నా. వారానికో పేరు చెప్పించి చదివించా. చానా బాగా చదివేది" అంది మస్తాన్‌బీ.

జ్యోతి ఏదని అడిగాను.

"సార్ పోయాక ఇంకెవరి కోసం చదవాలంది. వాళ్లమ్మ వచ్చి కోతలకు తీసకపోయింది. ఏ ఊళ్లో ఉన్నారో తెలవదు."

సాయంత్రం నాలుగింటికి వినుకొండలో రైలెక్కి, సరస్వతమ్మగారికి ఫోన్ చేసి హాస్టల్ మూతబడిందని చెప్పాను.

"ఆయనకు తెలుసు నాయనా. ఎన్ని పేర్లు చెప్పినా గొంతొకటేనని మొదటివారమే పోల్చుకున్నారు. ఆ ఒక్కతైనా చదువుతోందిలే అనేవారు. పుస్తకాలు ఆ పిల్లకే ఇచ్చెయ్యి."

అలాగేనమ్మా అన్నాను. జ్యోతి కూడా కోతలకు వెళ్లిపోయిందని చెప్పలేదు.

ఆయన అంతకాలం పడ్డ పాటు ఒక్క బోరు ఎండడంతో ఆనవాలు లేకుండా పోయింది. నరసరావుపేట దాటేదాకా పట్టాల పక్క చేలల్లో నడుములు వంచి మిరపకాయలు కోస్తున్నవాళ్లు కనిపిస్తూనే ఉన్నారు. వాళ్లలో చిన్నపిల్లలూ ఉన్నారు. రైలు వేగంలో ఒక్క ముఖమూ ఆనలేదు.